పరంజాల మధ్య ఇటలీ

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంతసేపూ డి.ఏ. బకాయిల మీద, హెల్త్ కార్డుల మీద మాట్లాడుకుని, ఇప్పుడు ఇటలీ సంగతి ఎత్తుకోవడం కొంచెం ఎబ్బెట్టుగానే ఉంది. కానీ కార్యదర్శిగారు వదల్లేదు. "చూసొచ్చినవాళ్ళు నోరు విప్పకపోతే ఎలాగండీ, మనవాళ్ళు ఇంకో నలుగురు వెళ్దామనుకుంటున్నారు" అన్నారు. అరగంట ఇచ్చారు. ఆ అరగంటలో రోము చరిత్ర అంతా చెప్పడం నా వల్ల కాదు, అది పుస్తకాల్లో ఉంది. నాకు కనిపించినదేదో చెబుతాను.

మా ఆవిడా నేనూ 2024 నవంబరులో వెళ్ళాం. హైదరాబాదు నుంచి బయలుదేరిన ప్యాకేజీ టూరు. మొత్తం ముప్ఫై ఎనిమిది మందిమి, సగానికి పైగా మనవాళ్ళే. రోము, పీసా, ఫ్లోరెన్సు, వెనిస్. ఎనిమిది రాత్రులు. నవంబరులో జనం తక్కువ, రేటూ తక్కువ. చలి మన ఒంటికి ఎక్కువే కాని, స్వెట్టరు మీద ఒక కోటు వేసుకుంటే తట్టుకోవచ్చు.

రోములో దిగిన మొదటి రోజే గుంపులో గొణుగుడు మొదలైంది. కారణం ఏమిటంటే, ఎక్కడ చూసినా పరంజాలే. పియాజా నవోనాలో నాలుగు నదుల ఫౌంటెను చుట్టూ పరంజా. సెయింట్ ఏంజెలో వంతెన మీద దేవదూతల విగ్రహాలకు గుడ్డలు, పరంజాలు. ట్రెవీ ఫౌంటెనుకు నీళ్ళే ఆపేశారు. 2025 క్యాథలిక్కులకు జూబిలీ సంవత్సరం, పాతికేళ్ళకోసారి వస్తుంది, లక్షల మంది యాత్రికులు వస్తారు, అందుకని నగరమంతా ఒకేసారి మరమ్మతులు పెట్టుకున్నారని గైడమ్మ చెప్పింది. మాతో వచ్చిన గుంటూరు హెడ్‌మాస్టరుగారు (ఆయనా రిటైరే) "రెండు లక్షల పైన పోసి వచ్చింది సర్వే బాదులు చూడ్డానికటండీ" అన్నారు. అక్కడ పరంజాలకు సర్వే బాదులు కావు, ఇనప గొట్టాలు. ఆయన బాధ మాత్రం న్యాయమైనదే.

నాకు మాత్రం లోపల సంతోషంగానే ఉంది. నేను ఇరిగేషన్‌లో ముప్ఫై మూడేళ్ళు పనిచేశాను. అందులో కొత్తగా కట్టించినది చాలా తక్కువ, ఉన్నదాన్ని పడిపోకుండా చూసినదే ఎక్కువ. కట్టినవాడి పేరు శిలాఫలకం మీద ఉంటుంది. నిలబెట్టినవాడి పేరు ఎం-బుక్కులో ఉంటుంది, దాన్ని చెదలు తింటాయి. అంచేత గైడమ్మ "దీన్ని ఫలానా చక్రవర్తి కట్టించాడు" అని చెబుతుంటే, ఆ తరువాత దీన్ని ఎవరు నిలబెట్టారు అన్నదాని మీదే నా ధ్యాస ఉండేది.

కొలోసియం చూడండి. క్రీ.శ. 80లో టైటస్ చక్రవర్తి ప్రారంభోత్సవం చేశాడు. తరువాత 1349 భూకంపంలో దక్షిణం వైపు కూలింది. కూలిన రాయిని ఊళ్ళోవాళ్ళు ఇళ్ళకూ చర్చీలకూ పట్టుకుపోయారు. పాత కోటల రాయి మన ఊళ్ళల్లో ఎక్కడెక్కడ తేలిందో మీకు నేను చెప్పక్కర్లేదు. అయితే అందరూ ఫోటో తీసుకునే చోటు నుంచి కొంచెం పక్కకు నడిస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. బయటి గోడ తెగిన చోట పెద్ద ఇటుక ఆనుగోడ ఉంది. 1807లో కట్టినది. అప్పటికే కమాను రాళ్ళు జారడం మొదలుపెట్టాయి. ఆ ఇంజనీరు వాటిని ఊడదీసి సర్దలేదు, జారుతున్నవాటిని జారుతున్నట్టే ఉంచి కమానుల్ని ఇటుకతో మూసేశాడు. రెండు వందల ఏళ్ళయినా ఆ రాళ్ళు సగం జారి అలాగే ఆగి ఉన్నాయి. గుంపు ముందుకు వెళ్ళిపోతున్నా నేను అక్కడే నిలబడిపోయాను. చెవిలో పెట్టుకునే చిన్న రేడియో ఒకటి ఇస్తారు లెండి, గైడు మాటలు అందులో వినిపిస్తాయి. దాంట్లోంచి టూరు మేనేజరు కుర్రాడు "అంకుల్, ఎక్కడున్నారు అంకుల్" అని కేకలు. ఈమధ్య 2013 నుంచి 2016 దాకా బయటి గోడలు కడిగి శుభ్రం చేశారు. టాడ్స్ అనే చెప్పుల కంపెనీ మొత్తం పనులకు రెండున్నర కోట్ల యూరోలు ఇస్తానని ముందుకొచ్చిందట.

పాంథియన్ సంగతి వేరు. హేడ్రియన్ చక్రవర్తి కాలంలో, 126 ప్రాంతంలో పూర్తయిన గుడి. గుమ్మటం అడ్డంగా 43 మీటర్లు. కాంక్రీటు గుమ్మటమే, లోపల ఒక్క ఇనప చువ్వ లేదు. అగ్నిపర్వతం బూడిదను సున్నంతో కలిపి చేసిన కాంక్రీటు. అడుగున బరువు రాయి వేసి, పైకి వెళ్ళేకొద్దీ తేలిక రాయి వేశారు. గోడ మందం కింద ఆరు మీటర్ల పైన, కొసన మీటరుకు కాస్త ఎక్కువ. నడినెత్తిన కిటికీ లేని పెద్ద కన్నం. వాన పడితే నీళ్ళు లోపలికే వస్తాయి. నేలకు కొంచెం వాటం ఇచ్చి, చిన్న చిన్న కన్నాలు పెట్టారు, నీళ్ళు వాటిలోకి దిగిపోతాయి. ఇంతకాలం ఇది నిలబడటానికి కాంక్రీటు ఒక్కటే కారణం కాదు. 609లో దీన్ని చర్చిగా మార్చారు. అప్పటి నుంచి ఒక్కరోజు కూడా ఎవరూ పట్టించుకోని కొంప కాలేదు. దీపం పెట్టే ఇంటికి వాసాలు కూడా ఎవరో ఒకరు చూస్తారు. 2023 జులైలో టిక్కెట్టు పెట్టారు, అప్పుడు ఐదు యూరోలు.

ట్రెవీ దగ్గర నీళ్ళు లేకపోయినా మాకు ఒక లాభం జరిగింది. ఖాళీ తొట్టి మీదుగా ఇనప నడవ ఒకటి కట్టారు. మామూలు రోజుల్లో దూరం నుంచి చూడాల్సిన విగ్రహాల పక్కగా నడిచి వెళ్ళాం. గుర్రాల గిట్టల దగ్గర పనివాళ్ళు చిన్న బ్రష్షులతో నాచు, సున్నపు పొర గీకుతున్నారు. నాణెం వేస్తే మళ్ళీ రోము వస్తామని నమ్మకం కదా, దానికోసం ముందు ఒక చిన్న తొట్టి పెట్టారు. ఆడవాళ్ళందరూ వేశారు. మా ఆవిడ వెయ్యలేదు. "మోకాళ్ళు బాగుంటే వద్దాం, లేకపోతే దేవుడు ఒక్క నాణేనికి ఏం చేస్తాడు" అంది. ఆ నాణేలు కారితాస్ అనే క్యాథలిక్ ధర్మసంస్థకు వెళతాయి, ఏటా పది లక్షల యూరోల పైమాటే. ఈ ఫౌంటెనుకు వచ్చే కాలువ క్రీ.పూ. 19లో అగ్రిప్పా తవ్వించినది. మధ్యలో ఎన్నో మరమ్మతులు జరిగాయి కాని వరస అదే.

వాటికన్ గురించి ఎక్కువ చెప్పను. క్యూ పెద్దది, సిస్టీన్ చాపెల్లో మాట్లాడనివ్వరు, తల ఎత్తి చూస్తే మెడ పట్టేస్తుంది. ఆడవాళ్ళకు భుజాలు, మోకాళ్ళు కప్పుకుని ఉండాలన్న నియమం ఉంది. చీర కట్టుకున్నవాళ్ళను ఎవరూ ఆపలేదు. గౌన్లు వేసుకున్న పిల్లలే పక్కకెళ్ళి శాలువలు కొనుక్కున్నారు.

ఇక్కడ మన అవసరాల సంగతి రెండు మాటలు. వీసాకు ట్రావెల్ ఇన్సూరెన్సు తప్పనిసరి, కనీసం ముప్ఫై వేల యూరోలకు. పాత జబ్బులకు అది వర్తిస్తుందో లేదో చదివి కొనండి, మన వయసుకు అసలు కిటుకంతా అక్కడే ఉంది. నగరాల నడిబొడ్డుకు బస్సుల్ని రానివ్వరు. దూరంగా దింపుతారు, అక్కడి నుంచి నడకే. అదీ గులకరాళ్ళు పేర్చినట్టుండే రాతి బాట. మెత్తటి బూట్లు ఇక్కడే కొనుక్కుని, నెల ముందు నుంచి తొడుక్కుని అలవాటు చేసుకోండి. మరుగుదొడ్డికి యూరో, యూరోన్నర అడుగుతారు, చిల్లర దగ్గరుంచుకోండి. అదే నీళ్ళకైతే రోములో పైసా ఇవ్వక్కర్లేదు. వీధి వీధికీ ఇనప కుళాయి స్తంభాలు ఉన్నాయి, రాత్రీపగలూ మంచినీళ్ళు కారుతూనే ఉంటాయి. సీసా పట్టుకుంటే చాలు. కాఫీ కొట్టులో నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే ఇంకో ధర. ఇచ్చేది ఉద్ధరిణెడు. ఇంకో మాట, తెలుగును తూర్పు దేశపు ఇటాలియన్ అంటారని మనం బళ్ళో విన్నదే కదా. రైల్వే స్టేషన్లో అనౌన్సుమెంటు వింటే నిజమే అనిపించింది. ప్రతి మాటా అచ్చుతో ఆగుతుంది. అర్థం మాత్రం ఒక్క ముక్క కాదు.

పీసా. ఇది ఇంజనీర్ల తీర్థయాత్రా స్థలం. మాకు ఇచ్చింది నలభై నిమిషాలు, అందులో ముప్ఫై నిమిషాలు చేత్తో గోపురాన్ని తోస్తున్నట్టు ఫోటోలకే సరిపోయింది. 1173లో మొదలుపెట్టారు. మూడో అంతస్తుకు వచ్చేసరికే వాలింది. దాదాపు నూరేళ్ళు ఆపేశారు. ఆపడమే మంచిదయింది, ఈలోగా కింది మెత్తటి బంకమట్టి సర్దుకుంది. ఏకబిగిన కట్టి ఉంటే అప్పుడే పడిపోయేదంటారు. అసలు కథ తరువాతిది. 1838లో అడుగున పూడిపోయిన స్తంభాలు కనబడాలని చుట్టూ తవ్వారు, ఇంకొంచెం వాలింది. 1934లో ముస్సోలినీ హయాంలో పునాదిలోకి సిమెంటు పాలు ఎక్కించారు, ఇంకా వాలింది. 1989లో పావియా అనే ఊళ్ళో ఒక పాత గోపురం ఉన్నట్టుండి కూలి నలుగురు చనిపోయారు. దాంతో భయపడి 1990 జనవరిలో పీసా గోపురాన్ని మూసేశారు. దేశదేశాల నిపుణులతో కమిటీ వేశారు. 1993లో వాలినదానికి ఎదురు వైపు, అంటే ఉత్తరం వైపు, ఆరు వందల టన్నుల సీసం దిమ్మలు పేర్చారు. 1995లో భూమిని గడ్డకట్టించి లంగర్లు వెయ్యబోతే, ఏడాదిలో కదిలేంత ఒక్క రాత్రిలో కదిలింది. పని ఆపి మరిన్ని సీసం దిమ్మలు పెట్టారు.

చివరికి చేసిన పని వింటే చాలా చిన్నదిగా ఉంటుంది. ఉత్తరం వైపు పునాది కింద నుంచి ఏటవాలు గొట్టాలతో కొద్దికొద్దిగా మట్టి తీశారు. ఇవాళ ఇంత తియ్యడం, కొలవడం, రేపు ఇంకాస్త తియ్యడం. గోపురం తన బరువుతో తానే వెనక్కి కూర్చుంది. అయిదున్నర డిగ్రీల వాలు నాలుగు డిగ్రీల దగ్గరకు వచ్చింది. కొస నలభై సెంటీమీటర్లకు పైగా వెనక్కి జరిగింది. 2001 డిసెంబరులో మళ్ళీ జనాన్ని ఎక్కనిచ్చారు. పూర్తిగా నిటారుగా చెయ్యాలని ఎవరూ అనుకోలేదు, చేస్తే ఇక ఆ ఊరికి వెళ్ళేదెవరు? మెట్లు మూడు వందలకు దగ్గర, లిఫ్టు లేదు. మేము ఎక్కలేదు. ఎక్కి వచ్చిన కుర్రాళ్ళు, మెట్ల మీద ఒకసారి గోడకేసి, ఒకసారి ఇవతలకు ఎవరో తోస్తున్నట్టు ఉందన్నారు.

ఫ్లోరెన్సులో అందరూ చూసేది పెద్ద చర్చి గుమ్మటం. బ్రూనెల్లెస్కీ 1420లో మొదలుపెట్టి 1436కు పూర్తి చేశాడు. కింద నుంచి చెక్క సెంట్రింగు లేకుండా కట్టాడు. ఆ మాట విని నేను నోరు తెరిచాను. ఎక్కాలంటే 463 మెట్లు, దీనికీ లిఫ్టు లేదు. కింద నుంచే దండం పెట్టాం.

మధ్యాహ్నం గుంపును సాంతా క్రోచె చర్చి దగ్గర తోలు సామాన్ల దుకాణానికి తీసుకెళ్ళారు. గంటన్నర. ఈ దుకాణాలు టూరులో భాగమే, తప్పవు. మేము మేనేజరు కుర్రాడికి చెప్పి, టిక్కెట్టు కొనుక్కుని చర్చిలోకి వెళ్ళాం. మొత్తం ప్రయాణంలో నా వరకు అసలైన గంటన్నర అదే.

1966 నవంబరు 4న ఆర్నో నది ఫ్లోరెన్సు మీద పడింది. కొన్ని వీధుల్లో నీరు ఐదు మీటర్ల దాకా వచ్చింది. గోడల మీద నీటిమట్టం గుర్తులు చెక్కి ఉంచారు, ఇవాళ్టికీ ఉన్నాయి. నీటితో పాటు బురద, ఇళ్ళను వేడి చేసుకునే నూనె. జాతీయ గ్రంథాలయంలో పది లక్షలకు పైగా పుస్తకాలు, పత్రాలు తడిసిపోయాయి. ఎక్కడెక్కడి దేశాల నుంచో కాలేజీ పిల్లలు వచ్చి, వరసగా నిలబడి, బురదలోంచి పుస్తకాలు చేతుల మీదుగా అందించారు. వాళ్ళను బురద దేవదూతలన్నారు. ఇది చదువుతుంటే నాకు 1977 నవంబరు దివిసీమ కళ్ళ ముందుకు వచ్చింది. అప్పుడు నాకు ఉద్యోగం కొత్త. మమ్మల్ని అక్కడికి డ్యూటీ మీద పంపారు. గోడల మీద ఉప్పు నీటి చార ఎంత ఎత్తున ఉందో టేపు పెట్టి కొలిచి రాసుకోవడం నా పని. మనుషులు పోయిన చోటు అది. పుస్తకాలతో, బొమ్మలతో పోల్చకూడదు. కాని చార చారే. సాంతా క్రోచెలో చార కింద నిలబడి మా ఆవిడతో ఆ మాట అన్నాను. ఇన్నేళ్ళలో ఆ డ్యూటీ గురించి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

ఆ చర్చిలో చిమాబ్వే అనే పాతకాలపు చిత్రకారుడు వేసిన పెద్ద శిలువ ఉంది. వరదలో దాని రంగు సగానికి పైగా ఊడిపోయింది. బాగు చేసినవాళ్ళు ఏం చేశారంటే, పోయిన ముఖాన్ని మళ్ళీ గీయలేదు. పోయిన చోట సన్నటి గీతలతో ఒక కలగలుపు రంగు నింపారు. దూరం నుంచి చూస్తే బొమ్మ నిండుగా ఉంటుంది, దగ్గరకెళితే ఎంత పోయిందో స్పష్టంగా తెలుస్తుంది. పక్కన భోజనశాలలో వసారి వేసిన చెక్క పలకల చిత్రం, ఏసు చివరి విందు. పన్నెండు గంటలకు పైగా నీళ్ళలో మునిగింది. దాన్ని బాగు చేసి మళ్ళీ వేలాడదీసింది 2016లో. సరిగ్గా యాభై ఏళ్ళకు! మొదట చేతులు వేసినవాళ్ళలో చాలామంది అప్పటికి రిటైరై ఉంటారు. మళ్ళీ వరద వస్తే బొమ్మను పైకి లాగేందుకు ఇప్పుడు దానికి కప్పీల ఏర్పాటు కూడా చేశారు. మాలాంటి వాడికి ఆ కప్పీలే బొమ్మకన్నా అందంగా కనబడితే తప్పు పట్టకండి.

వెనిస్ దారిలో బొలోన్యాలో గంట ఆగాం. అక్కడా రెండు పాత గోపురాలున్నాయి. పొట్టిది, గరిసెండా, నలభై ఎనిమిది మీటర్లు, బాగా వాలింది. 2023 అక్టోబరులో భయం పుట్టి చుట్టూ కంచె వేశారు. పీసాలో వాడిన సరంజామానే తెచ్చి దీనికీ వాడాలని నిర్ణయించారట.

ఇక వెనిస్. బస్సు దిగి పడవెక్కాం. మట్టిలో చెక్క గుంజలు దింపి, వాటి మీద రాయి పరిచి కట్టిన ఊరు. మట్టిలో గాలి తగలదు కనుక గుంజ వందల ఏళ్ళు కుళ్ళదు. నీటికీ గాలికీ మధ్య ఉన్నదే కుళ్ళుతుంది. పడవల దారి చూపడానికి నీళ్ళలో మూడేసి దుంగలు కట్టి పాతుతారు. వాటి నడుములు నీటిమట్టం దగ్గర పురుగు తిని సన్నగా అయిపోయి ఉన్నాయి. ఒకచోట ఇద్దరు మనుషులు పంటు మీద నిలబడి పాత దుంగ పీకి కొత్తది దింపుతున్నారు. మా పడవ పోతుంటే ఒకాయన చెయ్యి ఊపాడు.

ఆయన్ను చూడగానే నాకు మా లస్కరు గుర్తొచ్చాడు. నా సెక్షన్లో కాలువ మీద దొరల కాలం నాటి లాకు ఒకటి ఉండేది. పడవలు ఆగిపోయి చాలా ఏళ్ళయింది. అయినా ఆయన ప్రతి ఏడూ కాలువ కట్టేసే రోజుల్లో గేట్లకు తారు పూసేవాడు, పిన్నులకు గ్రీజు పెట్టేవాడు. గ్రీజుకు, టేకు చెక్కకు నేను ఎస్టిమేటు పంపితే, పడవలు పోని లాకుకు గ్రీజు ఎందుకని రాసి పైనుంచి తిప్పి పంపారు. మళ్ళీ పంపాను, మళ్ళీ తిరిగొచ్చింది. ఆయన మాత్రం షట్టర్ల కోసం వచ్చిన గ్రీజు డబ్బాల అడుగు గోకి పెట్టేవాడు. ఎన్.ఎం.ఆర్. కింద చేరినవాడు. సర్వీసు లెక్కలో ఏవో నెలలు తగ్గాయని పెన్షను రాలేదు. ఇప్పుడు ఆ లాకు దగ్గర గేట్లు లేవు, తుమ్మచెట్లున్నాయి. ఆయన్ను గురించి ఈ వేదిక మీద ఒకసారి చెప్పాలని ఎప్పటి నుంచో ఉంది, చెప్పాను.

ఫ్లోరెన్సు మునిగిన రోజే, 1966 నవంబరు 4న, వెనిస్‌లో పోటు 194 సెంటీమీటర్లు వచ్చింది. 2019 నవంబరు 12న మళ్ళీ 187. సముద్రం లోపలికి వచ్చే మూడు ముఖాల దగ్గర ఇప్పుడు 78 గేట్లు పెట్టారు. దాన్ని మోసే అంటారు. గేట్లు మామూలుగా నీళ్ళతో నిండి అడుగున పడుకుని ఉంటాయి. పోటు 110 సెంటీమీటర్లకు వస్తుందని తెలిస్తే వాటిలోకి గాలి కొడతారు, నీరు పోయి పైకి లేచి నిలబడతాయి. మన బ్యారేజీ షట్టర్లు పైనుంచి దిగితే ఇవి కింద నుంచి లేస్తాయి. 2003లో మొదలుపెట్టి 2020 అక్టోబరులో మొదటిసారి నిజం పోటుకు వాడారు. ఖర్చు ఐదు వందల కోట్ల యూరోలు దాటింది. మధ్యలో 2014లో అవినీతి కేసు, అరెస్టులు. ఆ సంగతి విని మా హెడ్‌మాస్టరుగారు "అమ్మయ్య, మనం ఒక్కళ్ళమే కాదన్నమాట" అన్నారు. గేట్లు సముద్రంలోనే ఉంటాయి కనుక తుప్పు, గుల్లలు, ఇసుక ఎప్పుడూ ఉండేవే. ప్రారంభోత్సవంతో అయిపోయే పని కాదది. 110 లోపు పోటుకు గేట్లు లేపరు, కాని సెయింట్ మార్క్ చర్చి ముంగిలి అంతకంటే పల్లంలో ఉంది. అందుకని 2022లో చర్చి చుట్టూ గాజు అడ్డుగోడ పెట్టారు. చౌకులో నడవడానికి ఎత్తు బల్లలు పేర్చి సిద్ధంగా ఉంచారు.

రియాల్టో వంతెన దగ్గర ఒక సందులోకి తీసుకెళ్ళి, మార్కో పోలో కుటుంబం ఉన్న చోటు ఇదేనని గైడు చెప్పాడు. చైనా గురించి చాలా చెప్పాడు. ఆయన రాతల్లో ముట్ఫిలి అనే రేవు, దాన్ని ఏలిన ఒక రాణి, అక్కడి వజ్రాలు, సన్నటి బట్టలు కూడా ఉన్నాయి. అది మన మోటుపల్లి అనీ, ఆ రాణి రుద్రమదేవి అనీ చరిత్రకారులు చాలామంది అంటారు. ఆ మాట నేను మైకు పుచ్చుకుని చెప్పాను. గైడు రాసుకున్నాడు. మన చీరాల వాళ్ళు ఒకరు గుంపులో ఉన్నారు, ఆవిడ ఆ సందుకు నాలుగు ఫోటోలు ఎక్కువ తీసుకుంది.

ఆఖరి రోజు సెయింట్ మార్క్ గంట గోపురం. దాదాపు 99 మీటర్లు. మొదటి గోపురం 1902 జులై 14న కుప్పకూలింది. దానికి ముందు వారం, దాన్ని ఆనుకున్న చిన్న కట్టడం కప్పు బాగు చేస్తూ గోపురం గోడలోకి దిగిన రాతి పట్టీని తీసేశారు. పగులు కనిపించింది, పెరిగింది, పడిపోయింది. జనాన్ని ముందే దూరం పంపారు కనుక మనుషులెవరూ పోలేదు. ఎక్కడ ఉండేదో అక్కడే, ఎలా ఉండేదో అలాగే కడతామని 1912కల్లా కట్టేశారు. లోపల లిఫ్టు పెట్టారు. మేము చూసిన మూడు ఎత్తులలో మనవాళ్ళు ఎక్కగలిగింది ఈ పడిపోయి లేచినదొక్కటే.

పీసాలోనూ, ఫ్లోరెన్సులోనూ కిందే కూర్చున్న మా ఆవిడ ఇక్కడ నాకంటే ముందు లిఫ్టులో ఎక్కింది. పైన గాలి విపరీతంగా ఉంది. ఊరంతా ఎర్ర పెంకులు, చుట్టూ నీళ్ళు. నేను గేట్లు ఉన్న దిక్కు ఏదో వెతుకుతున్నాను. ఆవిడ కొంగు బిగించుకుని, కింద దగ్గరలో ఒక ఇంటి కప్పు మీద పెంకులు సర్దుతున్న మనిషిని చూపించి, "వాన వచ్చేలోగా అవుతుందంటారా?" అని అడిగింది. మబ్బు పట్టే ఉంది. మేము దిగే వేళకు ఇంకా సర్దుతూనే ఉన్నాడు.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. ఇన్సూరెన్సు కాగితాలు, వీసా ఫారాలు తెచ్చాను, కావలసినవారు టీ దగ్గర చూడవచ్చు.